రోజిన్ పెట్టని కమాను

మొన్న ఇంట్లో పాత టేకు తలుపులకి పాలిష్ పట్టించాం. వడ్రంగి సీసాలో లక్క, స్పిరిట్ కలుపుకుని తెచ్చి గుడ్డ ఉండతో రుద్దడం మొదలుపెట్టగానే మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. నేను కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నా. "పక్కకి జరగండి సార్, తలనొప్పి వస్తుంది" అంటాడు వడ్రంగి. నాకెందుకు వస్తుంది, మీసాలు వచ్చీ రాని వయసంతా ఆ వాసనలోనే గడిచింది. నాకది హార్మోనియం పెట్టెల వాసన.

ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరతానో లేదో తేలక ఖాళీగా తిరుగుతుంటే, మా మేనమామ తీసుకెళ్ళి విజయవాడలో ఏలూరు రోడ్డుకి ఆనుకుని ఉన్న ఒక సందులో సంగీత వాయిద్యాల షాపులో పనికి కుదిర్చాడు. "నీకేమైనా వాయించడం వచ్చా?" అని అడిగారు ఓనరుగారు. రాదండీ అన్నాను. "మంచిది" అన్నారు. వాయించడం రాకపోతే మంచిదేమిటో నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అప్పటికే వాయించేవాడు ఒకడున్నాడు ఆ షాపులో, ఇంకొకడిని భరించే ఓపిక ఆయనకి లేదు.

షాపు పెద్దదేం కాదు. ముందు గాజు బీరువాలో మౌత్ ఆర్గాన్లు, తాళాలు, చిడతలు, గజ్జెలు, వేణువులు. పైన దూలానికి తాళ్ళతో వేలాడుతూ డోలక్కులు, పొడుగ్గా ఉన్నవాళ్ళు తల వంచుకునే రావాలి. ఎడమ గోడకి గిటార్లు, కుడివైపు బల్లల మీద హార్మోనియాలు, పై అరలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి వచ్చిన వీణలు. వెనకాల పగలు కూడా బల్బు వేసుకోవాల్సిన ఒక ఇరుకు గది. అందులో తోలు, మైనం, సరేసు వాసనల మధ్య గోనెపట్టా మీద కూర్చుని రిపేర్లు చేసే భాయ్. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలిచేవాళ్ళు, ఓనరుగారితో సహా.

సరుకు వచ్చిన రోజు నాకు పండగ. హార్మోనియాలు కలకత్తా, ఢిల్లీల నుంచి, డోలక్కులు ఉత్తరప్రదేశ్‌లో అమ్రోహా నుంచి, పెళ్ళి బ్యాండు వాళ్ళ క్లారినెట్లు, బాకాలు మీరట్ నుంచి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి రిక్షా కట్టించుకుని వెళ్ళి చెక్కపెట్టెలు దించుకొచ్చి, మేకులు పీకి, ఎండుగడ్డి తీస్తుంటే లోపల్నుంచి ఈ పాలిష్ వాసన గుప్పున కొట్టేది. దార్లో కుదుపులకి ఊడిపోయిన స్టాపు నాబులు (హార్మోనియం ముందువైపు లాగే గుండీలు), మెట్ల మీది తెల్ల పలకలు ఆ గడ్డిలో ఎక్కడో పడి ఉండేవి. గడ్డంతా దులిపి వాటిని వెతకడం నా డ్యూటీ. ఒక్క నాబు దొరక్కపోయినా ఆ పెట్టె సెకండ్ హ్యాండ్ దానిలా కనిపిస్తుంది, బేరం తెగదు.

* * *

ఇక మాస్టారి సంగతి. ఆయన ఎవరికీ ఏమీ నేర్పిన దాఖలా లేదు గానీ, సందు మొదట్లో టీ కొట్టువాడి దగ్గర్నుంచి అందరికీ ఆయన మాస్టారే. చెవుల మీదకి దువ్విన రింగుల జుట్టు, సిల్కు చొక్కా, అత్తరు, కుడిచేతికి పెద్ద పగడపు ఉంగరం. ఆ ఉంగరం హార్మోనియం మెట్ల మీద టక్కుటక్కుమని తగులుతూ ఉండేది, దానికి భాయ్ లోపల పళ్ళు నూరుకునేవాడు.

షాపులోకి వచ్చినవాళ్ళని "ఏం కావాలండీ" అని అడగడం మాస్టారి పద్ధతి కాదు. ముందు వాయించేవారు. హార్మోనియం వైపు చూస్తే హార్మోనియం, గిటారు వైపు చూస్తే గిటారు, చంటిపిల్లాడు బొమ్మ డోలక్ వైపు వేలు చూపిస్తే అది కూడా. ప్రతిదాని మీదా ఆయనకి రెండు మూడు ముక్కలు వచ్చు. ఒక పద్యం ఎత్తుగడ, ఒక రాముడి భజన, హిందీ సినిమా పాటల ముందొచ్చే మ్యూజిక్కులు. వచ్చిన ముక్క అయిపోయేచోటికి రాగానే చెయ్యి పైకెత్తి "ఇలా ఉంటుందన్నమాట" అని ఆపేసేవారు, ఇంకా బోలెడంత ఉంది గానీ టైం లేక ఆపారేమో అని అవతలివాళ్ళు అనుకునేటట్టు. వాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నేనూ మొదట్లో అలాగే చూశాను. రోజూ అవే ముక్కలు, అదే చోట అదే చెయ్యి పైకెత్తడం చూశాక ఆ మోజు తీరిపోయింది.

పొద్దున షట్టరు ఎత్తి, నీళ్ళు చల్లి, సరస్వతీదేవి పటానికి అగరొత్తులు వెలిగించాక, గిటార్లన్నీ శ్రుతి చెయ్యడం మాస్టారి పని. చేసేవారు కాదు. గోడ మీద మూడో మేకుకి ఉన్న ఒక్క గిటారు మాత్రం జాగ్రత్తగా సరిచేసి పెట్టుకునేవారు, మిగతావి వచ్చినవి వచ్చినట్టే వేలాడేవి. కాలేజీ కుర్రాడెవరైనా వస్తే మూడో మేకు గిటారు తీసి గలగలా వాయించి, తర్వాత వాడి బడ్జెట్టులో ఉన్న గిటారు చేతికిచ్చేవారు. వాడు మీటగానే రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టు మోగేది. "వాయిద్యంలో ఏం లేదు నాన్నా, అంతా చేతిలో ఉంటుంది" అనేవారు మాస్టారు చిరునవ్వుతో. కొందరు సిగ్గుపడి ఆ గిటారే కొనుక్కుని పోయేవాళ్ళు. చాలామంది "మా నాన్నని అడిగి వస్తాం" అని పోయేవాళ్ళు. వాళ్ళు మళ్ళీ రారని ఆ షాపులో నాకే తెలుసు, ఎందుకంటే బయట చెప్పులు వేసుకుంటూ "మనవల్ల కాదురా ఇది" అని వాళ్ళు చెప్పుకునే మాటలు నా స్టూలు దగ్గరికి వినపడేవి.

* * *

వయొలిన్‌ది ఇంకో కథ. బాలమురళీకృష్ణ గారు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల మా ఊళ్ళోనే ఉంది కాబట్టి, కాలేజీలు తెరిచే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు వచ్చేవాళ్ళు. ఒకసారి గుడివాడ వైపు నుంచి ఒక పెద్దాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ పిల్ల రెండు జడలు వేసుకుని, లంగా ఓణీలో, షాపులో దేన్నీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడింది. ఊళ్ళో ఎవరి దగ్గరో కొద్దిగా నేర్చుకుందట.

మాస్టారు వయొలిన్ తీసి, గడ్డం కింద పెట్టుకుని, ఇంగ్లీషు సినిమాల్లో లాగా నిలబడి తన ముక్క వాయించారు. తర్వాత "ఏదీ అమ్మా, నువ్వూ కానీ" అని ఆ వయొలినే ఆ పిల్లకిచ్చారు. కమాను మాత్రం తనది పక్కన పెట్టి, కవరులోంచి కొత్తది తీసిచ్చారు.

నేను జంపఖానా పరిచాను. ఆ పిల్ల మఠం వేసుకుని కూర్చుని, వయొలిన్ కొసని కాలి మడమకి ఆనించుకుని, కమాను లాగింది. శబ్దం రాలేదు. అంటే కాగితం మీద కాగితం రాసినట్టు చిన్న జీర తప్ప ఏమీ లేదు. మళ్ళీ గట్టిగా లాగింది. అంతే. చెవులు ఎర్రగా అయిపోయాయి పిల్లకి. వాళ్ళ నాన్న మాస్టారి మొహంలోకి, కూతురి మొహంలోకి మార్చిమార్చి చూస్తున్నాడు, "నేర్చుకున్నానన్నావు కదే" అన్నట్టు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కమానుకి ఉండే గుర్రం వెంట్రుకలు వాటంతటవి తీగని పట్టుకోవు, జారిపోతాయి. రోజిన్, అంటే గట్టిపడిన చెట్టు బంక బిళ్ళ, రుద్దితేనే పట్టు వస్తుంది. కొత్త కమానుకి అది అస్సలు ఉండదు, దాంతో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు లాగినా శబ్దం రాదు. మాస్టారికి ఈ సంగతి తెలియక కాదు. పిల్లవాళ్ళు ఒకటి రెండుసార్లు లాగి తెల్లమొహం వేశాక, "ఇలా ఇవ్వు" అని తీసుకుని తన పాత కమానుతో మోగించి చూపిస్తే ఎంత బాగుంటుందో కూడా ఆయనకి తెలుసు.

ఆ రోజు అంతదాకా రాలేదు. లోపల్నుంచి భాయ్ వచ్చాడు, మృదంగం మూత మీద వేసే నల్లటి కరణి మసి చేతికి అలాగే ఉంది. ఎవర్నీ ఏమీ అనకుండా బీరువాలోంచి రోజిన్ బిళ్ళ తీశాడు. కొత్త బిళ్ళ గాజులా నున్నగా ఉంటుంది, వెంట్రుకలకి అంటదు, అందుకని జేబులోంచి గరుకు కాగితం ముక్క తీసి దాని మీద రెండు రుద్దులు రుద్దాడు. కమాను స్క్రూ కొంచెం బిగించి, వెంట్రుకల మీద ఆ బిళ్ళని కిందనుంచి పైదాకా, పైనుంచి కిందదాకా నింపాదిగా నడిపాడు. తెల్లటి పొడి సన్నగా రాలి మాస్టారి సిల్కు చొక్కా చేతి మీద పడింది. అప్పుడు కమాను ఆ పిల్ల చేతికిచ్చి "ఇప్పుడు లాగు బేటీ" అన్నాడు.

సా, పా, పై సా. చిన్న షాపేమో, మోగిపోయింది. తర్వాత సరళీ స్వరాలు కాస్త వాయించింది, ఒకచోట తడబడింది, మళ్ళీ అందుకుంది. ఆవిడిప్పుడు ఎక్కడుందో, వాయిస్తోందో లేదో నాకు తెలీదు. వాళ్ళ నాన్న మాత్రం బేరమాడకుండా డబ్బు లెక్కపెట్టడం గుర్తుంది. వాళ్ళు వెళ్ళాక మాస్టారు "ఏం భాయ్, నా బేరం చెడగొడదామనా?" అంటే, "బేరం అయింది కదా మాస్టారూ" అని మళ్ళీ గోనెపట్టా మీదకి పోయాడు భాయ్.

* * *

ఇదంతా చదివి మాస్టారు ఉత్త డాబుమనిషి అనుకుంటే పొరపాటే. ఓనరుగారేం పిచ్చివారు కాదు. "వాడు వాయిస్తే సందులో పదిమంది ఆగుతార్రా, పదిమందిలో ఒకడు చిడతలైనా కొంటాడు" అనేవారు. నిజమే. ముఖ్యంగా శ్రీరామనవమి ముందు. పల్లెటూళ్ళ నుంచి భజన సమాజాలవాళ్ళు చందాలు వసూలు చేసుకుని నలుగురైదుగురు కలిసి వచ్చేవాళ్ళు. హార్మోనియం, డోలక్, నాలుగు జతల తాళాలు, చిడతలు, మొత్తం సెట్టు. వాళ్ళకి కావలసింది మాస్టారే. ఆయన భజన ముక్క అందుకోగానే వాళ్ళలో ఒకాయన గొంతు కలిపేవాడు, ఇంకొకాయన దూలానికి వేలాడే డోలక్కుని అలాగే వాయించేవాడు, బయట రిక్షావాళ్ళు ఆగిపోయేవాళ్ళు. మాస్టారి ముక్క అయిపోయినా వాళ్ళు ఆగనిచ్చేవాళ్ళు కాదు కాబట్టి, మొదటికొచ్చి మళ్ళీ మళ్ళీ అదే తిప్పేవారు. భజనకి అది చాలు. ఆ రోజుల్లో ఆయన మొహం చూడాలి.

సంగీత వాయిద్యాల షాపుల్లో పనిచేసినవాళ్ళెవర్ని కదిపినా ఒక కథ చెప్తారు. మాసిన పంచెతో ఒక ముసలాయన వస్తాడు, సేల్స్‌మన్ చులకనగా చూస్తాడు, ముసలాయన వాయిద్యం తీసుకుని వాయించేసరికి అందరూ నోళ్ళు వెళ్ళబెడతారు, ఆయన ఫలానా విద్వాంసుడని తేలుతుంది. నేను ఈ కథని రకరకాల షాపుల పేర్లతో విన్నాను. మా షాపులో మాత్రం వేరేగా జరిగింది. మాసిన పంచెతో ఒక ముసలాయన వచ్చాడు, మాస్టారు అరగంట వాయించారు, ముసలాయన తలూపుతూ విన్నాడు. "మీరూ ఒకసారి చూడండి" అంటే మెట్ల మీద చెయ్యి పెట్టి పిల్లి తొక్కినట్టు తొక్కి పగలబడి నవ్వాడు. ఏమీ రాదు ఆయనకి. మొలలో దోపుకున్న సంచిలోంచి నోట్లు తీసి, షాపులో అన్నిటికంటే ఖరీదైన కప్లర్ పెట్టె, అంటే ఒక మెట్టు నొక్కితే ఇంకో స్థాయిలో మెట్టు కూడా పలికేది, మూడు వరసల రీడ్లది, రామాలయానికని కొనుక్కుపోయాడు. మాస్టారికి రెండు రూపాయలు బక్షీసు కూడా ఇచ్చాడు. తీసుకున్నారు.

నిజంగా వాయించేవాళ్ళు వస్తే మాస్టారికి కష్టంగా ఉండేది. తెనాలి వైపు నుంచి పద్యనాటకాల హార్మోనిస్టులు వచ్చేవాళ్ళు. వాళ్ళు షాపులో పాట వాయించగా నేను చూడలేదు. పెట్టె కిందకి దించమనేవాళ్ళు. స్టాపులన్నీ లాగి, తిత్తి నిండా గాలి కొట్టి, ఒక్క మెట్టూ నొక్కకుండా ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళు. గాలి ఎంతసేపటికి దిగుతుందో, ఏ మెట్టైనా దానంతటదే కూస్తోందో చూడటం అన్నమాట. తర్వాత ఒక్కొక్క మెట్టూ నొక్కి వదలడం, ఆ చివర్నుంచి ఈ చివరి దాకా. రీడ్లు గుజరాత్‌లోని పాలితానావేనా అని ఒక ప్రశ్న. అంతే. మధ్యలో మాస్టారు "ఒక పద్యం వినిపించనా" అని కల్పించుకుంటే, "కానివ్వండి, నాలుగున్నరలో ఎత్తండి" అన్నాడొకాయన.

ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే దాని పక్క నల్ల మెట్టు, అలా పోతుంది లెక్క. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్, షడ్జమమే నల్ల మెట్టు మీద. మాస్టారికి వచ్చిన ముక్కలన్నీ ఒకటి శ్రుతిలోనే. అక్కణ్ణుంచి ఒక్క మెట్టు పక్కకి జరిగినా ఆయన వేళ్ళకి దారి తెలియదు. "టీ చెప్పొస్తా ఉండండి" అని వెళ్ళిన మనిషి వాళ్ళు పెట్టె సైకిల్ రిక్షాలో ఎక్కించుకుని పోయేదాకా రాలేదు.

సాయంత్రాలు షాపులో ఒక రిటైర్డ్ రేడియో ఆర్టిస్టు వచ్చి కూర్చునేవారు, ఉచితంగా పేపరు చదువుకోవడానికి. ఆయనకి హార్మోనియం అంటేనే పడదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ లేని పెట్టెలో స్వరాన్ని ఊపి పలికించే గమకం ఎక్కడ పలుకుతుందయ్యా అనేవారు. "1940లో రేడియోలో దీన్ని నిషేధించారు తెలుసా, 1971 దాకా లోపలికి రానివ్వలేదు" అని మాస్టారు వాయిస్తున్నప్పుడల్లా పేపరు చాటునుంచి గుర్తుచేసేవారు. మాస్టారు దానికి జవాబుగా ఇంకో స్టాపు లాగేవారు.

* * *

అమ్మడం మాస్టారి పని, అమ్మాక వచ్చేవన్నీ భాయ్ నెత్తిన. నవమి అయిన వారానికి మొదలయ్యేవి. డోలక్ మూత పగిలిందని ఒకళ్ళు, ఎలక తిత్తి కొరికిందని ఒకళ్ళు. ఒక గుడి పూజారిగారు హార్మోనియం నెత్తిన పెట్టించుకుని వచ్చి, రాత్రిళ్ళు గాలి కొడితే చాలు దానంతటదే మూలుగుతోంది, ఏదో దోషం ఉందని చెప్పారు. భాయ్ పై చెక్క విప్పి, మూలుగుతున్న మెట్టు దగ్గర టార్చి వేసి, మెట్టు కింద పలచటి కాగితం ముక్క దూర్చి లాగాడు. బొద్దింక కాలు వచ్చింది. పూజారిగారు ఆ కాలుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. దోష పరిహారానికి పది రూపాయలు తీసుకున్నాడు భాయ్.

రీడు శ్రుతి తప్పితే సరిచెయ్యడం చూడాలి. ఇత్తడి నాలుక కొసని కొంచెం గీకితే శ్రుతి పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందకి దిగుతుంది. గీకడం, పెట్టెలో పెట్టడం, వినడం, మళ్ళీ తీయడం. ఎక్కువ గీకితే మళ్ళీ అతికించే వీల్లేదు, రీడు పోయినట్టే. ఆ పని జరుగుతున్నంతసేపూ ముందు గదిలో మాస్టారు గిటారు మోగిస్తూనే ఉండేవారు. భాయ్ ఆగేవాడు. మాస్టారి ముక్కలు ఎంతసేపుంటాయో తెలుసు కాబట్టి, బీడీ ముట్టించుకుని, అయిపోగానే ఆర్పేసి మళ్ళీ పనిలో పడేవాడు.

ఎండాకాలం వీణలతో బాధ. వీణ మెట్లు ఇరవైనాలుగూ మైనం మీదే కూర్చుంటాయి. విజయవాడ రోహిణి కార్తె సంగతి చెప్పేదేముంది, పై అరలో రేకు వేడికి మైనం మెత్తబడి మెట్లు పక్కకి జరిగేవి. ఏప్రిల్ రాగానే వీణలన్నీ కిందకి దించి తడిబట్ట కప్పిన కిటికీ పక్కన పెట్టడం నా పని. మాస్టారు వీణ జోలికి మాత్రం వెళ్ళేవారు కాదు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

మ్యాండలిన్‌కి ఒక ఊపు వచ్చింది మధ్యలో. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఆ వాయిద్యం మీద కచేరీలు చేసి దేశమంతా మారుమోగిపోయాక, ప్రతి తండ్రికీ తన కొడుకులో ఒక శ్రీనివాస్ కనిపించాడు. ఆయన వాయించేది ఎలక్ట్రిక్‌ది, విడివిడి తీగలతో చేయించుకున్నది. మా దగ్గర ఉన్నవేమో మామూలు ఎనిమిది తీగలవి, జంటలు జంటలుగా ఉండేవి. వాటి మీద గమకం లాగాలంటే రెండు తీగల్ని కలిపి లాగాలి, పిల్లల వేళ్ళు కోసుకుపోతాయి. ఈ తేడా కొనేవాళ్ళకి చెప్పాలా వద్దా అని ఓనరుగారికీ భాయ్‌కీ మధ్య కొన్నాళ్ళు మాటలు నడిచాయి. మాస్టారు చెప్పలేదు, వాయించారు. కొన్ని మ్యాండలిన్లు మూణ్ణెల్లకి సెకండ్ హ్యాండ్‌లో మా దగ్గరికే తిరిగొచ్చాయి.

* * *

తర్వాత కాసియో కీబోర్డులు వచ్చాయి. వాటిలో డెమో బటన్ అని ఒకటి ఉంటుంది, నొక్కితే లోపల ఉన్న పాట మొత్తం బ్యాండుతో సహా మోగుతుంది. మాస్టారికి అది దేవుడిచ్చిన వరం. కస్టమరు గుమ్మం ఎక్కుతుండగా బటన్ నొక్కి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ కీస్ మీద పరిగెత్తించేవారు, వాల్యూం తగ్గకుండా, కీస్ మాత్రం నొక్కుకోకుండా. అది కూడా ఒక విద్యే, నేను ప్రయత్నించాను, రాలేదు. ఆ ఆట ఒక చిన్నపిల్లవాడి చేతిలో ముగిసింది. తల్లి పక్కన నిలబడి తీక్షణంగా చూసి, మాస్టారు ముక్కు గోక్కోవడానికి చెయ్యి తీసినప్పుడు "అంకుల్, మీరు తీసేసినా అది వాయిస్తోందే!" అన్నాడు. షాపంతా నవ్వు. మామూలుగా బయటికి రాని భాయ్ కూడా గుమ్మం దాకా వచ్చి చూసి పోయాడు.

క్రిస్మస్ ముందు చర్చిల వాళ్ళు రావడం మొదలుపెట్టారు, ఆ వ్యాపారం ముందు నవమి, దసరా ఎందుకూ చాలవు. కీబోర్డు, ప్యాడ్లు, స్పీకర్లు, గిటారు. వాళ్ళతో వచ్చే కుర్రాళ్ళకి పదిహేడు పద్దెనిమిదేళ్ళుంటాయి, ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నవాళ్ళు కాదు, ఆదివారం ఆదివారం పాస్టరుగారు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలో పట్టుకోవాల్సి వచ్చి నేర్చుకున్నవాళ్ళు. బందరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాస్టారి వాయింపు మర్యాదగా పూర్తిగా విని, "అన్నా, దీంట్లో ట్రాన్స్‌పోజ్ ఎక్కడుంది?" అని అడిగాడు. మాస్టారికి తెలియదు. కుర్రాడు తనే వెతికి చూపించాడు. "ఇది ఇలా మార్చారనుకోండి, మీరు సి లో వాయించేదే ఎఫ్ షార్ప్‌లో పలుకుతుందన్నా" అన్నాడు.

మాస్టారు ఆ బటన్ వైపు చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఇన్నేళ్ళూ టీ పేరు చెప్పి తప్పించుకున్న నాలుగున్నర శ్రుతి, ఒక్క బటన్. ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, మాస్టారే వెళ్ళి నిజంగానే టీ తెచ్చిచ్చి, సాయంత్రం దాకా ఒక్కో బటన్ గురించీ అడిగి తెలుసుకున్నారు. కస్టమర్లు వచ్చినా లేవలేదు. అడిగేటప్పుడు ఆయన గొంతు వేరేగా ఉంది. మర్నాటి నుంచి షాపుకొచ్చే ప్రతివాళ్ళకీ ట్రాన్స్‌పోజ్ చూపించడం మొదలుపెట్టారనుకోండి, చిడతలు కొనడానికి వచ్చినవాళ్ళకి కూడా.

నేను డిగ్రీలో చేరి ఆ షాపు మానేశాను. తర్వాత ఉద్యోగం, హైదరాబాదు, అదంతా మామూలే. మాస్టారు కొన్నాళ్ళకి గుణదలలో కీబోర్డు క్లాసులు పెట్టారని, పిల్లలు బాగానే చేరారని భాయ్ ఒకసారి బస్టాండులో కనిపించి చెప్పాడు. "ఇప్పుడు నిజంగా మాస్టారయ్యాడు" అన్నాడు. భాయ్ వేళ్ళకి ఆ నల్లరంగు అలాగే ఉంది. షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

* * *

పోయిన దసరాకి మా అమ్మాయి గిటారు నేర్చుకుంటానంటే హైదరాబాదులో ఒక పెద్ద షోరూంకి తీసుకెళ్ళాను. ఏసీ, అద్దాలు, వందల గిటార్లు. పిలక కట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చి, ఏం కావాలని అడక్కుండా, ఒక ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని కింద పెడల్ తొక్కి వేళ్ళు కనపడనంత వేగంగా వాయించాడు. నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మాయికి అర్థం కాలేదు ఎందుకు నవ్వుతున్నానో. ఒక పని మాత్రం చేశాను, దానికి నచ్చిన గిటారుని మేమే శ్రుతి చేయించుకుని, దాని చేతికే ముందు ఇప్పించాను. అది బిడియపడుతూ రెండు తీగలు మీటింది. కొన్నాం.

నెల తిరక్కుండా వేళ్ళు బొబ్బలెక్కాయి. కొత్తల్లో అంతే అని మొదట సర్దిచెప్పాను గానీ, తీరా చూస్తే తీగలు మెడకి బాగా ఎత్తుగా ఉన్నాయి. షోరూంకి ఫోన్ చేస్తే, కంపెనీ నుంచి వచ్చేదే అంత సార్, సర్వీసుకి పంపితే పదిహేను రోజులు పట్టొచ్చు అన్నారు. సుల్తాన్ బజార్ సందుల్లో రిపేర్లు చేసే ఒకాయన ఉన్నాడని తెలిసి అక్కడికి తీసుకెళ్ళాను. మంచి వయసులో ఉన్నాడు, కళ్ళజోడు తాడుతో మెడకి కట్టుకున్నాడు. "ఏ వేలు ఎక్కువ నొప్పి?" అని ముందు అమ్మాయిని అడిగాడు. తీగలు వదులు చేసి, బ్రిడ్జి మీది తెల్ల ముక్కని పీకి, పెన్సిలుతో గీత పెట్టుకుని, దాని అడుగుని గరుకు కాగితం మీద రుద్దడం మొదలుపెట్టాడు. కాస్త రుద్దడం, పెట్టి చూడటం, మళ్ళీ తీసి రుద్దడం. ఎక్కువ అరిగితే తీగలు మెట్లకి తగిలి జరజరమంటాయి మరి. అన్నీ బిగించాక ఒక్కో తీగనీ ఒక్కసారి మీటి, విని, గిటారు దానికిచ్చాడు. ఆయన ఏ పాటా వాయించలేదు.

మా అమ్మాయి అక్కడే స్టూలు మీద కూర్చుని, నెలరోజులుగా పట్టు దొరకని ఎఫ్ కార్డ్ పట్టి చూసింది. రెండు తీగలు మూగగానే ఉన్నాయి గానీ మిగతావి పలికాయి. రెండొందలు ఇచ్చాను. "వారం వాయించాక తీగలు సర్దుకుంటాయి, అప్పుడొకసారి తీసుకురామ్మా, చూస్తా, దానికి డబ్బులక్కర్లేదు" అన్నాడాయన.